ఖర్జూరం పెట్టెలో కెమెరా

మొన్న శుక్రవారం, రియాద్‌లో నర్సుగా పనిచేస్తున్న మా తమ్ముడి కూతురు ఫోన్ చేసి, ముగ్గురు స్నేహితురాళ్ళతో కలిసి తానే కారు నడుపుకుంటూ ఎర్రసముద్రం ఒడ్డుకు వస్తున్నానని, కొత్తగా కొన్న కెమెరా దారిలో ఎవరూ ఎత్తుకుపోకుండా ఎలా చూసుకోవాలో చెప్పమని అడిగింది. ఈ దేశంలో ముప్పయ్యేళ్ళకు పైగా కెమెరా మోసిన పెదనాన్న కంటే ఆ సంగతి ఇంకెవరికి తెలుస్తుందని దాని నమ్మకం. తెలిసినవి చెప్పాను. చూడగానే కెమెరా అని తెలిసిపోయే సంచి వద్దన్నాను, భోజనానికి దిగినప్పుడు దాన్ని కారులో వదిలి వెళ్తే దొంగ కంటే ముందు ఎండే దాని ప్రాణం తీస్తుందన్నాను, కెమెరా మీద ఉన్న నంబరు రాసి ఎక్కడైనా దాచుకోమన్నాను. అది సంతోషంగా ఫోన్ పెట్టేసింది గానీ, యాన్బులోని ఈ గదిలో ఆ మధ్యాహ్నమంతా నన్ను ఉనైజా ప్రయాణం ఒకటి వదలలేదు.

ప్రొద్దుటూరులో మా మేనమామ స్టూడియోలో పెళ్ళిళ్ళకూ పాస్‌పోర్టులకూ ఫోటోలు తీస్తుండే నేను, ఇరవై ఆరేళ్ళ వయసులో యాన్బులో ఒక కట్టుబడి కంపెనీకి ఫోటోగ్రాఫర్‌గా వచ్చాను. కంపెనీ ఎక్కడెక్కడ గోడలు లేపుతోందో, ఎంతవరకు లేపిందో నెలనెలా ఫోటోలు తీసి ఆఫీసుకివ్వడం నా పని. రెండు కెమెరాలు, మూడు లెన్సులు, ఒక ఫ్లాష్, వాటికి తాళమున్న తళతళలాడే అల్యూమినియం పెట్టె ఇచ్చారు. నాకు పని అప్పగించి వెళ్ళిపోతున్న మలయాళీ పెద్దాయన ఆ పెట్టెను చూపించి, ఇది కెమెరా పెట్టె కాదు, దొంగకు రాసిన పిలుపు అని నవ్వాడు. ఆయన కిటుకు వేరు. ఖర్జూరం అమ్మే అట్టపెట్టె ఒకటి తెచ్చి, లోపల పాత పరుపులోని స్పాంజి కోసి అమర్చి, కెమెరాలు అందులో పెట్టి, పైన నులకతాడు కట్టేవాడు. తళతళలాడే పెట్టె ఖాళీగా తాళం వేసి బండి వెనక ఉండేది, పోతే అది పోతుందని. ఈ సంగతి రెండో మనిషికి తెలియకూడదన్నాడు. నేను ఆ మాటను అక్షరాలా పాటించాను. నన్ను ఊరూరా తిప్పే పికప్ డ్రైవరన్నకు కూడా చెప్పలేదు.

ఆ అన్నది రాయచోటి పక్క పల్లె. నాకంటే పదేళ్ళు పెద్ద. ఎడారిలో ఇసుకగాలి లేస్తే బండి ఎక్కడ ఆపాలో, ఏ బంకు దగ్గర మన నోటికి పట్టే కూర దొరుకుతుందో ఆయనకు తెలుసు. నేను వచ్చిన కొత్తలో తిండి సయించక పడుంటే మూడు రోజులు సజ్జరొట్టె లాంటిదేదో చేసి పెట్టింది ఆయనే. అలాంటి మనిషి దగ్గర దాచడం తప్పని అప్పుడు నాకు తోచలేదు, జాగ్రత్త అనుకున్నాను.

ఉనైజాలో ఖర్జూరాలు నిల్వచేసే గోదాము ఒకటి కడుతుంటే ఫోటోలకు వెళ్ళాము. పంట చేతికొచ్చిన రోజులు, బజారు నిండా పెట్టెలే. నేను గోదాము దగ్గర ఉండగా, ఆ ఊళ్ళో ఒక ఇంట్లో పనిచేసే, డ్రైవరన్న పల్లెకే చెందిన ఒకామె, తన తమ్ముడికి ఇమ్మని తాడు కట్టిన ఖర్జూరం పెట్టె ఒకటి ఎవరి చేతనో పంపించింది. ఆ తమ్ముడు మదీనాలో పనిచేసేవాడు, మూడు రోజుల్లో సెలవు మీద ఊరికి పోతున్నాడు. డ్రైవరన్న ఆ పెట్టెను సీటు వెనక పెట్టాడు. తిరుగు ప్రయాణంలో నాకు జ్వరం పట్టుకుంది. ఎప్పుడూ కాళ్ళ దగ్గర పెట్టుకునే నా పెట్టెను, కాళ్ళు చాపుకోవడానికి నేనే తీసి, అక్కడ ఇంకో పెట్టె ఉన్నదని చూసుకోకుండా సీటు వెనక్కి నెట్టి, యాన్బు వచ్చేదాకా ఒళ్ళు తెలియకుండా నిద్రపోయాను. మదీనాలో బండి ఆగిన సంగతి గానీ, ఆయన నన్ను లేపడం ఇష్టంలేక తలుపు మెల్లగా తీసి, చేతికందిన పెట్టెను ఆమె తమ్ముడికి ఇచ్చిన సంగతి గానీ నాకు తెలియవు.

గదికి వచ్చి తాడు విప్పితే లోపల ఖర్జూరాలు. ఎవరో కెమెరాలు తీసేసి, బరువుకు ఖర్జూరాలు నింపారనుకున్నాను. దారి పొడవునా బండిలో ఉన్నది ఇద్దరమే. మరునాడు ఉదయం మా ముదీర్ దగ్గరికి, అంటే మేనేజరు దగ్గరికి వెళ్ళి కెమెరాలు పోయాయని చెప్పాను. ఇచ్చిన పెట్టెలో కాకుండా అట్టపెట్టెలో పెట్టుకున్నానంటే తప్పు నామీదికి వస్తుందని ఆ ముక్క మింగేశాను. బండిలో ఇంకెవరున్నారని ఆయన అడిగితే డ్రైవరన్న పేరు చెప్పాను. అతని మీద అనుమానముందా అని అడిగితే ఏమీ అనలేదు. అబద్ధం ఆడలేదని చాలా ఏళ్ళు నాకు నేను చెప్పుకున్నాను గానీ, నా మౌనం ఏం చెప్పాలో అది చెప్పేసింది.

డ్రైవరన్న ఇకామా, అంటే ఈ దేశంలో ఉండనిచ్చే గుర్తింపు కాగితం, తీసి ఆఫీసులో పెట్టుకున్నారు. ఆ కాగితం చేతిలో లేకపోతే గేటు దాటడానికి లేదు. దొంగతనం ఖాయమైతే పోలీసులు, ఆ తర్వాత ఎగ్జిట్ ముద్ర కొట్టి దేశం నుంచి పంపేయడం, అంతే. క్యాంపులో అందరి ముందూ ఆయన ట్రంకుపెట్టె తెరిపించి ఒక్కో గుడ్డా బయట పరిచారు. అడుగున ఒక కవరులో నేను తీసి ఇచ్చిన ఫోటోలే ఉన్నాయి, ఆయన పికప్ పక్కన నిలబడి నవ్వుతున్నవి. కెమెరా ఉండే పెట్టెకు తాళం వేసినట్టే ఉంది కదా, నేను దాన్ని ముట్టుకోలేదు అని ఆయన హిందీలో మళ్ళీ మళ్ళీ చెబుతున్నాడు. ఆయన చెబుతున్నది ఆ అల్యూమినియం పెట్టె గురించేనని, అది ఎప్పుడూ ఖాళీయేనని తెలిసినవాణ్ణి అక్కడ నేనొక్కణ్ణే. ఖర్జూరం పెట్టె అని నేను ఒక్కమాట అని ఉంటే, మదీనాలో ఇచ్చిన పెట్టె ఆయనకు వెంటనే గుర్తొచ్చేది. నేను అనలేదు.

మూడో రోజు మధ్యాహ్నం, ఉనైజాలో పెట్టె పంపినామె తమ్ముడు వచ్చాడు. విమానం కోసం జెద్దా పోతూ, పెట్టె మార్చుకోవడం కోసమే మదీనా నుంచి యాన్బు మీదుగా టాక్సీ మాట్లాడుకున్నాడట. విమానంలో వేయడానికి తాడు గట్టిగా బిగిద్దామని పెట్టె విప్పితే కెమెరాలు కనిపించాయట. ఆఫీసు బల్ల మీద మా పెట్టె పెట్టి, ముందుగా అతనడిగింది తన పెట్టె సంగతే.

"ఖర్జూరాలు ఉన్నా లేకున్నా ఏమీ కాదు సార్. అడుగున మాయక్క మాట్లాడిన టేపు ఉండాది. పిల్లోళ్ళు నాలుగేండ్లుగా ఆమె గొంతు వినలేదు. బద్రంగా ఉండాదా?"

నేను గదికి పరుగెత్తాను. ఖర్జూరాలు సగానికి సగం మా గదివాళ్ళు తినేశారు. చేయి పెట్టి వెదికితే, పిల్ల గౌనులో చుట్టిన క్యాసెట్టు అడుగున అలాగే ఉంది. నా సొత్తు పోయిందని రెండు రోజులు అన్నం మానేసిన నాకు, ఇంకొకరి సొత్తు నా మంచం కింద ఉందేమోనన్న ఆలోచన ఒక్కసారీ రాలేదు. అతను క్యాసెట్టును చొక్కా జేబులో పెట్టుకుని, మిగిలిన ఖర్జూరాలు తీసుకుని టాక్సీ ఎక్కాడు.

ముదీర్ ముందు జరిగినదంతా అప్పుడు చెప్పక తప్పలేదు. నన్ను తిట్టి వదిలేశారు, ఇకామా తిరిగి ఇచ్చేశారు. బయట నీడలో డ్రైవరన్న కూర్చుని ఉంటే పోయి పక్కన నిలబడ్డాను. తప్పయిపోయిందన్నానో, అనాలనుకుని అనలేకపోయానో ఇప్పుడు సరిగ్గా గుర్తులేదు. ఆయన అన్నది మాత్రం గుర్తుంది.

"నాకొక మాట చెప్పింటే ఒళ్ళో పెట్టుకోని తెచ్చిందును గదబ్బీ."

కోపం లేదు ఆ గొంతులో. ఆ తర్వాత రెండేళ్ళు ఆయనే నన్ను తిప్పాడు. కానీ ఎక్కడ బండి ఆపినా తాళం తీసి పక్కకు నిలబడేవాడు. నేను నా సామాను లెక్క చూసుకుని, అన్నీ ఉన్నాయని పైకి చెప్తే గానీ మళ్ళీ స్టీరింగు ముట్టుకునేవాడు కాదు. నేను వద్దని ఎంత బతిమాలినా ఆ పద్ధతి మారలేదు. తర్వాత కంపెనీ ఆయనను హఫర్ అల్ బాతిన్‌కు మార్చింది, అక్కడి నుంచే ఊరికి వెళ్ళిపోయాడని విన్నాను. ఆ పల్లెకు రెండుసార్లు వెళ్దామనుకుని ఒకసారి రాయచోటి బస్టాండు దాకా పోయి తిరిగి వచ్చాను.

మీలో ఆ రోజుల్లో గల్ఫ్‌లో ఉన్నవాళ్ళకు తెలిసే ఉంటుంది. ఊరికి పోయే ఏ మనిషి పెట్టె తెరిచినా అందులో అతనిది సగమే ఉండేది. తక్కినదంతా పక్క గదివాడి అమ్మకు చీర, ఎవరి భార్యకో అత్తరు, ముఖం చూడని ఎవరి పిల్లలకో బొమ్మలు. లోపల ఏముందని విప్పి చూడకుండా, ఇచ్చినవాడి ముఖం చూసి మోసుకుపోయేవాళ్ళం. ఇప్పుడు కొరియర్లు ఉన్నాయి, పెట్టె ఏ ఊరు దాటిందో ఫోన్లో కనిపిస్తుంది, విమానాశ్రయంలో ఇతరులిచ్చినవేమైనా ఉన్నాయా అని అడిగితే లేవని నిజమే చెప్తున్నాము. పోయినసారి నేను ఊరికి వెళ్ళినప్పుడు ముప్పై కిలోలూ నావే. ఎవరూ నా చేతికి ఏమీ ఇవ్వలేదు.