రాఘన్న ల్యాప్‌టాప్ మీద కుంకుమ

నిన్న పొద్దున నాగర్‌కర్నూల్ బస్టాండ్‌లో టీ తాగుతుంటే ఫోన్ వచ్చింది. గద్వాల రాఘన్న ఇక లేడు అన్నారు.

ఏ రాఘన్న అని అడిగాను. తెలిసే అడిగాను. ఇంకో రాఘన్న అంటారేమోనని.

హార్ట్ ఎటాక్ అట. దవాఖానకు తీసుకుపోయే లోపలే అయిపోయిందట.

సాయంత్రం గద్వాలకు పోయి అన్నను సాగనంపి వచ్చాను. అక్కడ నా పక్కన నిలబడ్డ ఒకాయన అన్నాడు, "మంచోడే గని, ల్యాప్‌టాప్ మీద ఏలు పెడితే కొట్టేటంత పని చేస్తుండె."

చావు దగ్గర నోరు పెంచకూడదని ఊరుకున్నాను. ఇక్కడ ఆర్కుట్‌లో మనవాళ్ల గ్రూపులో మాత్రం ఊరుకోను.

తెలియనివాళ్ల కోసం చెప్తున్నా. రాఘన్నది గద్వాలలో ఫొటో స్టూడియో. పెళ్లి వీడియోలు, ఆల్బమ్‌లు. ఆయన పక్కన కూర్చుని ఆల్బమ్‌లు డిజైన్ చేసేవాడిని నేను. ఇద్దరికీ కలిపి ఒక్కటే ల్యాప్‌టాప్. షాపు మొత్తం దాని మీదే నడిచేది.

పెళ్లివాళ్లు వస్తే ఊరుకోరు కదా. "ఇగో, గీమె మా చిన్నమ్మ" అని స్క్రీన్ మీద వేలు నొక్కి చూపిస్తారు. అదీ లడ్డూ తిన్న వేలితో.

"గోడ కాదయ్యా అది, నొక్కితే ఖరాబైతది" అని అన్న కసిరేవాడు. అవును, కసిరేవాడు. నేనేం కాదనను.

పక్క షాపాయన అద్దాలు తుడిచే స్ప్రే ఇస్తే కూడా వెనక్కి పంపాడు. "గది గాజుకు. దీని మీద కొడితే పై పొర పోతది."

ఆయన పద్ధతి ఆయనది. ముందు ఆఫ్ చెయ్యాలి, చార్జర్ పీకాలి, వేడి తగ్గేదాకా ఆగాలి. లెన్స్ బ్రష్‌తో దుమ్ము దులపాలి, దుమ్ము మీదే రుద్దితే గీతలు పడతాయి. తర్వాత కళ్లద్దాల మెత్తటి గుడ్డ. మరక మొండికేస్తే గుడ్డను కొంచెం తడిపి, గట్టిగా పిండి, మెల్లగా తుడవాలి. నీళ్లు నేరుగా స్క్రీన్ మీద చల్లకూడదు. పూర్తిగా ఆరాకే ఆన్ చెయ్యాలి.

ఇప్పుడు అసలు సంగతి.

ఒకరోజు ఇటిక్యాల దిక్కు నుంచి ఒక పెద్దమ్మ వచ్చింది. కొడుకు కూలి పనికని బొంబాయి పోయి అక్కడే చనిపోయాడు. దినాలకు పెట్టుకుందామంటే ఇంట్లో ఒక్క ఫొటో లేదు. దోస్తు పెళ్లి బారాత్‌లో డాన్స్ చేశాడని, ఆ వీడియో తీసింది రాఘన్నేనని ఎవరో చెప్పి పంపారు.

"జర ఎతుకు నాయినా. వాని మొకం మర్చిపోతనేమోనని బుగులైతుంది" అంది.

అన్న చేతిలో పని పక్కన పెట్టి, ఆమెను దగ్గర కూర్చోబెట్టుకుని వెతికాడు. బ్యాండు వాళ్ల వెనక దొరికాడు పిల్లగాడు. నవ్వుతున్నాడు. వీడియో అక్కడ ఆపి మొహం పెద్దది చేశాడు.

ఆమె ఏడవలేదు. కొంగు ముడి విప్పింది. ఫొటో దొరకగానే బొట్టు పెడదామని ఇంటి నుంచే కుంకుమ తెచ్చుకుంది. వేలు తడి చేసి, కుంకుమ అద్దుకుని, స్క్రీన్ మీదే కొడుకు నుదుట పెట్టింది. గట్టిగానే పెట్టింది.

నేను ఆపబోయాను. అన్న నా చెయ్యి పట్టుకున్నాడు. 

ప్రింట్ తీసి, ఫ్రేమ్ కట్టించి, ఆమెను బస్సెక్కించి వచ్చాడు. నేను అప్పటికే బ్రష్ తీశాను.

"ఉండనియ్" అన్నాడు.

"మరక పడతదన్నా."

"పడనియ్. ఆమె ఇంక తొవ్వలనే ఉంది. ఇల్లు చేరనియ్."

ఎవరో పెళ్లివాళ్లు ఆల్బమ్ కోసం వచ్చారు. రేపు రమ్మని పంపేశాడు. పొద్దు గూకేదాకా ఇద్దరం ఆ పిల్లగాని ముందు ఊరికే కూర్చున్నాం.

ఆ తర్వాత అన్న ల్యాప్‌టాప్ ఆఫ్ చేశాడు. మొహం పోయింది. నల్లటి స్క్రీన్ మీద కుంకుమ ఒక్కటే మిగిలింది.

అప్పుడు తుడిచాడు. మొహం కనిపిస్తున్నంతసేపు, నవ్వుతున్న పిల్లగాని బొట్టు తుడవడం ఆయనకు చేత కాలేదు.

నేను చూసిన రాఘన్న అతను.

పోయిరా అన్నా. ఇగ జర నిమ్మళంగ పండుకో.