నిజం మా మస్తానమ్మ పెద్దమ్మ ఒక్కతే చెప్పాలా?

నిన్న పొద్దున ఏడింటికి తమ్ముడు శీను ఆసుపత్రి నుంచి ఫోన్ చేశాడు. హలో కూడా అనలేదు.

"పెద్దమ్మ పోయిందక్కా" అన్నాడు.

మొన్న ఆదివారమే కదా మాట్లాడింది. రొయ్యపొడి డబ్బా తిరిగి పంపలేదని నన్ను తిట్టింది కూడా.

ఏడుపు రాలేదు. కోపం వచ్చింది. ఇంకా తగ్గలేదు. అందుకే ఈ పోస్ట్.

మనవాళ్లలో చాలామందికి ఆమె విడవలూరు దగ్గర పల్లెలో ఎండుచేపలు అమ్మిన మస్తానమ్మ. "కేసు ఓడిపోయిన మస్తానమ్మ" అని వెనకాల నవ్వినవాళ్లూ ఉన్నారు.

ఆ కేసు ఏమిటో ఈరోజు చదవండి.

మా పెద్దనాన్న పోలయ్య చేపల వేట సరిగా సాగక మొదట రెండేళ్లు గూడూరు వైపు మైకా గనిలో పనిచేశాడు. పందొమ్మిదివందల యాభైల చివర్లో పెళ్లయింది. అప్పుడే సిమెంటు రేకుల ఫ్యాక్టరీలో చేరాడు.

అక్కడ ఏడేళ్లు.

గోతాలు కోసి, అందులోని రాతినారను, అంటే ఆస్‌బెస్టాస్‌ను, చేతులతో విడదీసి మిషన్‌లో పోయడం ఆయన పని. ముక్కుకు కట్టుకోవడానికి ఒక గుడ్డముక్క కూడా ఇవ్వలేదు.

కంపెనీ డాక్టరు ఏడాదికోసారి ఎక్స్‌రే తీసేవాడు. ఫిల్మ్ మాత్రం ఎవరికీ చూపించేవాడు కాదు. బాగుంది పొమ్మనేవాడు. ఏడో ఏడు మాత్రం నీకు టీబీ అని చెప్పి పనిలోంచి తీసేశారు.

నెల్లూరు పెద్దాసుపత్రిలో చూపిస్తే టీబీ కాదు, ఊపిరితిత్తుల నిండా దుమ్ము అన్నారు. ఏడాది తిరక్కుండానే పెద్దనాన్న పోయాడు. అప్పటికి పెద్దమ్మకు పాతికేళ్లు లేవు.

నెల్లూరులో ఒక ప్లీడరు గారు ఫీజు లేకుండా నష్టపరిహారం కేసు వేశారు. మంచి మనిషి. ఆయనే ఒక సలహా ఇచ్చారట. మైకా గని సంగతి ఎత్తొద్దమ్మా, ఎత్తితే నెపమంతా ఆ దుమ్ము మీదకి తోసేస్తారు అని.

పెద్దమ్మ సరేననలేదు.

విచారణ రోజున కంపెనీ లాయరు ఆమెను గంటసేపు నిలబెట్టి అడిగాడు. నీ మొగుడు ఇంకెక్కడెక్కడ పనిచేశాడు? బీడీ తాగేవాడా? వాళ్ల నాన్నకు దగ్గు ఉండేదా? ఏదీ దాచకుండా చెప్పాలన్నాడు.

అన్నీ చెప్పింది. మైకా గని చెప్పింది. బీడీలూ చెప్పింది.

చెప్పాక, దిగిపొమ్మన్నా దిగలేదు.

"నా కాడ ఉండేదంతా చెప్పినా సామీ. ఇప్పుడు మీరు చెప్పండి. ఆయన రొమ్ము ఫోటోలు ఏడు తీసినారు. అయ్యి యాడ పెట్టినారు?"

వానకు తడిసి పాడైపోయాయని జవాబు. ఏడూ! ఒకటి కూడా మిగల్లేదట. విచారిస్తున్న ఆఫీసరు ఆ మాట అలాగే రాసుకుని ముందుకు పోయాడు.

చివరికి తీర్పు ఏమిటంటే, ఏ దుమ్ము వల్ల చనిపోయాడో తేలలేదట. ఫ్యాక్టరీ వాళ్లేమో గని దుమ్మన్నారు. గని వాళ్ల దగ్గరికి పోతే రెండేళ్లకే ఏమీ కాదు, ఫ్యాక్టరీ దుమ్మే అన్నారు. ఇద్దరూ ఆమె చెప్పిన నిజాన్నే ఆమె మీద వాడుకున్నారు.

నేను కావలిలో డిగ్రీ చదివేటప్పుడు తెలివిగా మాట్లాడుతున్నాననుకుని ఆమెతో అన్నాను, ఆ ఒక్క మాట దాచి ఉంటే గెలిచేదానివి కదా అని. ఆ మాట తలుచుకుంటే ఇప్పటికీ సిగ్గేస్తుంది.

చేపలు ఆరబెడుతోంది. చెయ్యి ఆపలేదు.

"నిజం చెప్పడం తప్పు గాదు పాపా. నన్నొక్కదాన్నే అడిగినారు చూడు, అది తప్పు."

కేసు పోయాక ఆమె ఊరుకుందని అనుకునేవాళ్ల కోసం ఇది కూడా రాస్తున్నాను. చేపల గంప నెత్తిన పెట్టుకుని ఆ ఫ్యాక్టరీలో పనిచేసేవాళ్ల ఇళ్లన్నీ తిరిగింది. పెద్దాసుపత్రిలో ఎక్స్‌రే తీయించుకోండి, ఫిల్మ్ అడిగి తెచ్చి మీ ట్రంకుపెట్టెలో పెట్టుకోండి అని ఆడవాళ్లకు చెప్పింది. కొందరు తలుపేసుకున్నారు. కొందరు విన్నారు.

ఆ ఫ్యాక్టరీలోనే చేసిన పక్క పల్లె మనిషి ఒకాయనకు అదే జబ్బు వస్తే, అదే ప్లీడరు గారు ఆయన ట్రంకుపెట్టెలోని ఫిల్మ్ తీసుకెళ్లి ఆఫీసరు ముందు పెట్టారు. రెండో వాయిదా రాకముందే కంపెనీ దిగొచ్చి పరిహారం ఇచ్చింది.

నిన్న పెద్దమ్మ పాడె మోసిన నలుగురిలో ఒకరు ఆ పక్క పల్లె ఆయన కొడుకు.

ఇక నా అసలు కోపం.

నాలుగు నెలల కింద పెద్దమ్మకు ఆయాసం మొదలైంది. ఊపిరితిత్తి చుట్టూ నీరు చేరింది. టెస్టులు చేశాక నెల్లూరు డాక్టరమ్మ, చిన్నపిల్ల, నన్ను అడిగింది: ఈమె ఎప్పుడైనా ఆస్‌బెస్టాస్ పని చేశారా?

లేదన్నాను.

పెద్దమ్మ మంచం మీద నుంచే అంది: "గుడ్డలు ఉతికినా."

అంతే. పెద్దనాన్న ఫ్యాక్టరీ నుంచి ఆ దుమ్ముతోనే వేసుకొచ్చిన చొక్కా, పంచె. దులిపి, నానబెట్టి, బండకేసి బాది. రోజూ. ఏడేళ్లు.

ఆ గంటసేపు విచారణలో అన్ని ప్రశ్నలు అడిగారే, ఈ ఒక్కటీ ఎవరూ అడగలేదు. ఆమెకేమైనా అవుతుందేమోనని ఒక్కరికీ తట్టలేదు.

నిన్న ఆసుపత్రి కాగితంలో మరణ కారణం "వృద్ధాప్యం" అని రాసి ఇచ్చారు. వదిలెయ్యక్కా, అందరూ ఎదురుచూస్తున్నారు అన్నాడు శీను. నేను వదల్లేదు. డాక్టరమ్మ డ్యూటీకి వచ్చేదాకా కౌంటర్ దగ్గరే నిలబడ్డాను. ఆమె రిపోర్టులు తీసి చూసి, కొత్త కాగితం తెప్పించి జబ్బు పేరు రాసింది, ఊపిరితిత్తి పొరకు క్యాన్సర్ అని. దాని పక్కనే, ఆస్‌బెస్టాస్ వల్ల అని కూడా.

ఆ కంపెనీ ఇప్పుడు లేదు. ఓనర్లు లేరు. ఈ కాగితంతో నేను కేసు వేయబోయేది ఎవరి మీద? ఎవరి మీదా కాదు. తెలుసు.

అయినా ఆమె పేరు పక్కన అబద్ధం ఉండనివ్వను.

దయచేసి కింద "పెద్ద వయసు కదా, తప్పదు" అని మాత్రం కామెంట్ పెట్టకండి. ఆమెది వయసు మీద పడి వచ్చిన చావు కాదు.

వెళ్లిరా పెద్దమ్మా. ఇక ఆయాసం లేదు. ఊపిరి నిండుగా పీల్చుకుని, హాయిగా పడుకో.