అమ్మ పాడిన జోళ పాట

సినిమా పాటల్లో అసలుది గొప్పదా, దాన్ని విని ఇంకొకరు పాడింది గొప్పదా అని వాదన వచ్చినప్పుడల్లా నేను రెండో పక్షమే. కారణం మా అమ్మ. ఆమె గొంతెత్తిందంటే మా ఊరు కప్పగల్లులో కట్టేసిన ఎద్దులు పలుపులు తెంపుకొని బళ్లారి దాకా పరుగెత్తేవి. అది మెచ్చుకోలో, ప్రాణభయమో ఇప్పటికీ తేలలేదు.

మా ఊరికి టూరింగ్ టాకీసు వచ్చిన ఏడు, ఆట మొదలయ్యే ముందు డేరా మీది లౌడ్‌స్పీకరులో ఒక జోలపాట వేసేవారు. అమ్మ డేరాలోకి ఎన్నడూ పోలేదు. పెరట్లో విసుర్రాయి ముందు కూర్చునే ఆ పాట నేర్చుకుంది. అయితే జొన్నను కన్నడంలో జోళ అంటారు. ఇంట్లో తెలుగు, సంతలో కన్నడం మాట్లాడే మా అమ్మ చెవిలో జోల కాస్తా జోళ అయి పడింది.

"సినిమావాళ్లకు ఇన్నాళ్లకు బుద్ధొచ్చిందప్పా. జోళ మీద పాట కట్టినారు!" అని మురిసిపోయింది.

పాటలో ఉయ్యాల ఊపమన్నచోట రాయి తిప్పమంది. చందమామ వచ్చినచోట రొట్టె పెట్టింది. నెమ్మదిగా సాగాల్సిన రాగాన్ని సండూరు దిగుడులో బ్రేకు పోయిన మాంగనీసు లారీలా నడిపించింది.

తర్వాత నాకు పెళ్లయింది. కాలువ నీళ్లొచ్చాక కోస్తా నుంచి వచ్చి వరి పండించుకుంటున్నవాళ్ల అమ్మాయి. హార్మోనియం నేర్చుకున్న మనిషి. ఆవిడ పాడితే అసలు గాయని వచ్చి తన రికార్డు వెనక్కి తీసుకుపోవాలి, అంత బాగా పాడేది.

కాన్పుకు వెళ్లి, బిడ్డకు ఐదో నెలలో పాపతో పుట్టింటి నుంచి వచ్చింది. ఆ పాప నిద్రను పుట్టుకతోనే వెలివేసింది. కునుకు లేక తల్లి సగమైంది. ఒకనాడు బిడ్డను ఎత్తుకొని నడుస్తూ కళ్లు తిరిగి గడప మీద కూలబడింది. లేడీ డాక్టరు చూసి, "దీనికి మందు లేదు, ఈమెకు నిద్ర కావాలి" అంది. ఇది మాత్రం పెంచి చెప్పటం లేదు. నాకు భయం వేసింది.

మర్నాడు మధ్యాహ్నం మా ఆవిడ ఉయ్యాల దగ్గర కూర్చొని అదే జోలపాట అందుకుంది. పాప కళ్లు ఇంతింత చేసుకొని, కచేరీలో ముందు వరుస రసికుడిలా చివరిదాకా వింది. పాట ఆగిందో లేదో, మళ్లీ పాడమని ఇంటి కప్పు ఎగిరేలా ఏడ్చింది.

అంతలో పెరట్లో విసుర్రాయి తిరిగింది. రాయి గరగర, దాని మీద అమ్మ జోళ. పాప నోరు తెరిచింది తెరిచినట్టే నిద్రపోయింది.

మా ఆవిడ పాపను ఎత్తుకొని పెరట్లోకి వెళ్లింది. "అది జోళ కాదు అత్తయ్యా, జోల. పిల్లల్ని నిద్రపుచ్చే పాటండీ."

"నిద్రపుచ్చేదానికి పాట యాల తల్లీ? కడుపుకింత జోళ పెడితే అదే వస్తాది గదా!"

"నేను పాడితే పడుకోదు, మీరు పాడితే పడుకుంటుంది. నా గొంతు అంత బాగోలేదాండీ?" మా ఆవిడ కళ్లు నిండాయి.

అమ్మ రాయి ఆపింది. పాప కదిలింది. అమ్మ గబుక్కున మళ్లీ తిప్పింది.

"పిచ్చిదానా, నీ పాట బాగుండాది కాబట్టే బిడ్డ మేలుకోని ఇంటాది. నాది ఇనేకన్నా నిద్దరే మేలనుకునింది. రా, ఈడ కూకో. నువ్వూ ఇను, నీకూ నిద్దరొస్తాది."

మా ఆవిడకు నవ్వొచ్చింది. పుట్టింటి నుంచి వచ్చాక అదే మొదటి నవ్వు. పాపను ఒళ్లో పెట్టుకొని జొన్నల మూటకు తల ఆనించింది. రెండో చరణం ఆమె వినలేదు.

చాటలో జొన్నలు అయిపోయాయి. మిగిలినవన్నీ మా ఆవిడ తల కింది మూటలో ఉన్నాయి. ఆ సంగతి చెప్పబోతే, అమ్మ పాట ఆపకుండానే నన్ను కళ్లతో కొట్టింది. విసిరిన పిండినే దోసిలితో ఎత్తి మళ్లీ రాతిలో పోసింది. పొద్దు వాలేదాకా పోస్తూనే ఉంది, పాడుతూనే ఉంది. కుడి చెయ్యి నొస్తే ఎడమ చేత్తో తిప్పింది. ఎవరైనా తుమ్మితే చోరనూరు దాకా ఎగిరిపోయేంత మెత్తనైంది ఆ పిండి.

మా ఆవిడ ఉలిక్కిపడి లేచి, "చాలాసేపు పడుకున్నానా అత్తయ్యా?" అంది.

"యాడమ్మా, ఇప్పుడే గదా" అంది అమ్మ, వాచిన మణికట్టును కొంగు కిందికి తోసుకుంటూ.