పెంకులు లేని నేల

నా పదవీ విరమణకు మూడేళ్ల ముందు, మాఘమాసంలో, దర్శి వైపున్న ఒక ఊరి దిబ్బకు హద్దులు గుర్తించే పని నాకు అప్పగించారు. అప్పుడు నేను పురావస్తు శాఖలో టెక్నికల్ అసిస్టెంట్‌ని. హోదా వినడానికి బాగానే ఉంటుంది గానీ, పై అధికారి సంతకం చేసే నివేదికలో మట్టి పని అంతా మాదే. హద్దు లోపల పడితే ఉన్న ఇళ్లు ఉంటాయి, కొత్తవి కట్టడానికి అనుమతి ఉండదు. కనుక గీత ఎక్కడ పడుతుందన్నది ఊరికి చిన్న విషయం కాదు.

దాన్ని అక్కడ పాటిదిబ్బ అంటారు. ఏనాటి మనుషులో కాపురమున్న చోట బూడిద, పేడ, కుండపెంకులు కలిసి పొరలు పొరలుగా పెరిగిన గుట్ట. ఆ మన్ను మిరపకు బలమని రైతులు తరాలుగా తవ్వి చేలకు తోలుకుంటున్నారు. నేను వెళ్లేసరికి దక్షిణపు అంచు మొత్తం చేలల్లోకి వెళ్లిపోయింది. ఇక మానెయ్యమంటే ఒక పెద్దాయన, "మీ ఆఫీసు పుట్టకముందు నుంచీ తోలుతున్నాం. ఇప్పుడొచ్చి చరిత్రంటే ఎట్టాగండీ?" అన్నాడు. నాకు ఒళ్లు మండింది. ఆయన ఇల్లూ ఆ దిబ్బ మీదే ఉంది, పునాదిలో మూరెడేసి పాతకాలపు ఇటుకలున్నాయి. వాగు అవతలొడ్డున ఉన్న పాత ఊరిని వరద ముంచితే ఆయన తాతలు పైకొచ్చి ఇక్కడ ఇళ్లేసుకున్నారట. ఆ సంగతి నివేదిక మొదటి పేజీలో స్థానిక చరిత్ర కింద రాసుకున్నాను.

తూర్పు అంచున మస్తాన్‌బీ ఇల్లు. దూది ఏకి పరుపులు కుట్టి బతికే మనిషి, భర్త లేడు. రేకుల గది పక్కన పక్కా ఇల్లు కట్టుకోవడానికి ఆమెకు మంజూరు కాగితం వచ్చింది, ముగ్గు పోయడమే తరువాయి. దిబ్బ అక్కడిదాకా ఉందో లేదో తేల్చాలంటే ఆమె పెరట్లో ట్రయల్ పిట్, అంటే మీటరు పొడవు మీటరు వెడల్పుతో పరీక్ష గొయ్యి, తీయాలి. "తవ్వండి సార్. ఏమీ లేదని తేలితే నాకే మేలు" అంది.

మూడు రోజులు పొర తర్వాత పొర దించాం. పెంకులు కొన్ని దొరికాయి గానీ అవి వాననీటికి పైనుంచి జారొచ్చి ఉండొచ్చు, వాటిని బట్టి గీత జరపనక్కర్లేదు. నాలుగో రోజు కాలిన మట్టి కనిపించింది. చెత్త తగలబెట్టిన మచ్చ అనుకుని కొలతలు రాసుకుంటున్నాను. మస్తాన్‌బీ గొయ్యి పక్కన గొంతుక్కూర్చుని చూసి, "పొయ్యి సార్ అది. నోరు తూర్పుకుంది, చూడండి. పడమటి గాలికి మంట చెదరకుండా మేమూ అట్టాగే పెడతాం" అంది.

బ్రష్షుతో తుడిస్తే గుర్రపు లాడం ఆకారంలో మట్టి గోడ తేలింది, లోపల బూడిద. ఇక్కడ కాపురముందనడానికి ఇంకో రుజువు అక్కర్లేదు. దాచడం ఇష్టం లేక, ఇది పొయ్యే అయితే ఇల్లు రాదని చెప్పాను. ఆమె ముఖం వాడిపోయింది. అయినా, "పొయ్యిని పొయ్యి కాదని ఎట్టా అంటాను సార్?" అంది. నాకు సిగ్గేసింది. ఆమె నోరు మెదపకుండా ఉంటే బాగుండునని అంతకు క్షణం ముందు అనుకున్నది నేనే.

గీత ఆమె పెరటిని కలుపుకుంది. బదులుగా రెవెన్యూ వాళ్లు వాగు వైపున్న పోరంబోకులో స్థలం చూపించి మా అభిప్రాయం అడిగారు. మేం చూడాల్సింది ఒక్కటే, అక్కడ పాత ఆనవాళ్లున్నాయా లేవా అని. ఒక పూటంతా తిరిగాను. పెంకుముక్క కూడా లేదు. 'అవశేషాలు లేవు, అభ్యంతరం లేదు' అని రాసి సంతకం చేశాను. ఎలాగైతేనేం ఆమెకు ఇల్లొస్తుందని సంతోషపడ్డాను కూడా.

రెండో ఏడు కార్తీకంలో హద్దురాళ్లు పాతించడానికి మళ్లీ వెళ్లాను. అంతకు పది రోజుల ముందే తుపాను వానలకు వాగు పొంగింది. మస్తాన్‌బీ కొత్త ఇంటి గోడ మీద మోకాలెత్తున బురద చార ఉంది. కుట్టమని జనం ఇచ్చిన దూదంతా నానిపోయి వాకిట్లో ముక్కిపోతోంది. నేను ఏదో గొణిగి, ఇక్కడ పాత ఆనవాళ్లు లేవనే కదమ్మా మేం సరేనన్నది అన్నాను.

"మనుషులుంటే గదా సార్ పెంకులుండేది. నీళ్లొచ్చే చోట ఎవరుంటారు?" అంది.

ఉద్యోగమంతా నేలను చదవడమే పనిగా బతికిన నేను, ఏ కాలంలోనూ ఎవరూ కాపురం పెట్టని నేల చూసి, ఇల్లు కట్టుకోవచ్చని రాసిచ్చాను. ఏమీ దొరకని చోటు కూడా సాక్ష్యమేనని నాకు అక్కడ తెలిసింది. మిగిలిన ఏడాది సర్వీసులో 'అవశేషాలు లేవు' అని రాసిన ప్రతిచోటా, ఎందుకు లేవో ఊరివాళ్లని అడిగి ఆ సంగతీ చేర్చాను. అది చేతులు కాలాక ఆకులు పట్టుకోవడమే. మస్తాన్‌బీ ఇప్పటికీ ఆ ఇంట్లోనే ఉంది.