అన్న కేసెట్లు శుభ్రం చేశాను

మా పాత కంప్యూటర్ అంటే ఒట్టి కీబోర్డే. దాన్ని టీవీకి తగిలించి, పక్కన టేప్‌రికార్డర్ పెడితేనే పనిచేసేది. రాసుకున్న ఆటలన్నీ పాటల కేసెట్లలో దాచేవాళ్ళం. కేసెట్ వేస్తే కీచుమని ఒకటే రొద; ఆ రొదే ప్రోగ్రామ్. ఏది ఏ ఆటదో తెలియాలి కదా, అందుకని మా అన్న ప్రతి ఆటకు ముందు మైకులో చెప్పిపెట్టేవాడు. "ఇది పాము ఆట. నిన్నటిది తప్పు, గిది కరెక్టు. అరె తమ్మీ, జర నోరు మూస్కో!"

శంషాబాద్‌లో అప్పటికింకా విమానాల మోత లేదు. ఆ మాటల వెనక మా కోళ్ళు, చర్చికి ఆలస్యమవుతోందని నాన్న కేకలు కూడా పడ్డాయి.

పన్నెండేళ్ళ కిందట క్యాన్సర్‌కు ఆపరేషన్ చేసి అన్న స్వరపేటిక తీసేశారు. ఆ తర్వాత ఏం చెప్పాలన్నా కాగితం మీద రాసేవాడు. మరుసటేడు కూతురు పుట్టింది. పోయిన వానాకాలం అన్న పోయాడు.

దుఃఖం ఆపుకోలేక అతని కేసెట్లు పదకొండూ ముందేసుకుని కూర్చున్నాను. పాతబడి ఒక్కటీ లోడ్ కావడం లేదు. ఒక్కో ఆటను లాప్‌టాప్‌లోకి తీసి, లోపాలు సరిచేసి, మళ్ళీ అదే కేసెట్ మీద మొదటినుంచీ ఎక్కించాను. ఈ పాత కంప్యూటర్ల పిచ్చి ఉన్నవాళ్ళం అందరం చేసే పనే. మాటలు ప్రోగ్రామ్ కావు కనుక సాఫ్ట్‌వేర్ వాటిని వదిలేస్తుంది, లాప్‌టాప్‌లోనూ దాచదు. నేను చెవిపెట్టి వినలేదు, తెర మీద గీతలు చూసుకుంటూ పోయాను. పాము ఆట మొదటిసారికే లోడయితే ఒక్కణ్ణే చప్పట్లు కొట్టుకున్నాను, వెధవని.

క్రిస్మస్ ముందు వదిన ఫోన్ చేసింది. "ఆ కేసెట్లల్ల తన మాట ఉన్నదని మీ అన్న ఒకసారి రాసి చూపిచ్చిండు. పెండ్లి వీడియోల అన్నీ పాటలే. పిల్ల వాళ్ళ డాడీ గొంతు ఎన్నడూ విన్లే. జర తెచ్చి వినిపియ్యి."

ఉన్నమాట చెప్పే ధైర్యం లేదు. ఎక్కడో ఒక ముక్కయినా మిగలకపోతుందా అనుకుని అన్నీ సంచిలో వేసుకుని అత్తాపూర్‌లో వాళ్ళింటికి వెళ్ళాను.

పిల్ల టేప్‌రికార్డర్‌కు చెవి ఆనించి కూర్చుంది. రొద వచ్చింది, ఆగిపోయింది.

"డాడీ ఎప్పుడు మాట్లాడ్తడు, చిన్నాన్నా?"

ఇంకోటి పెట్టాను. ఆ తర్వాత ఇంకోటి. ఏడోది అయ్యేసరికి వదిన కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. "ఆగు మమ్మీ, ఇంక నాలుగు ఉన్నయ్" అని పిల్లే ధైర్యం చెప్పింది. అది విన్నాక నేనిక ఉండలేకపోయాను.

"లేదు బిడ్డా. మీ డాడీ గొంతు నేనే చెరిపేసిన."

పిల్ల నా మాట నమ్మలేదు. ఎనిమిదో కేసెట్ తనే తీసి పెట్టుకుంది.