నలభై ‘అవును’లు

చేవెళ్ల మార్కెట్లో బంతిపూలు ఏరుకున్నాక ఆ ఘాటు వాసన సాయంత్రం దాకా వేళ్లను వదలదు. అది ముక్కుకు తగిలినప్పుడల్లా శోభ మేడం గుర్తుకొస్తారు. నలభై ఏళ్లకు ఎమ్మేలో చేరిన నాకు పరిశోధనా పద్ధతులు నేర్పింది ఆవిడే. నాకంటే ఎనిమిదేళ్లు చిన్న. ఆమెతో నేను వాదించని క్లాసు లేదు. నేను రాని రోజు పాఠం తొందరగా అయిపోతుందని పిల్లలు సంబరపడేవారట.

డిసర్టేషన్ కోసం మా మొయినాబాద్ వైపు ఫామ్‌హౌజుల్లో పనివాళ్లను సర్వే చేశాను. మా అన్న రాజకీయాల్లో తిరిగే మనిషి. కారులో తీసుకెళ్లి, ప్రతిచోటా కుర్చీ వేయించుకుని నా పక్కనే కూర్చున్నాడు. రెండు రోజుల్లో నలభై ఫారాలు నిండాయి. ‘అవసరానికి సెలవు దొరుకుతుందా?’ అంటే నలభై మందీ అవునన్నారు.

మేడం కాగితాలు తిరగేశారు. "నలభై మంది ఒక్కటే మాట చెప్తే నాకు భయమైతది. అడిగేటప్పుడు పక్కన ఎవరున్నరు?"

"మా అన్న. ఆయన లేకుంటె గేటే తియ్యరు. మీరు ఫ్యాను కింద కూసొని ఎన్నైన చెప్తరు మేడం."

"అయితే రేపు నన్ను బస్సుల తీస్కపోండి."

ఆమె సంతకం పెట్టకపోతే నా ఏడాది పోయినట్టే. తిట్టుకుంటూనే తీసుకెళ్లాను. చిన్న మంగళారంలో ఒక ఫామ్‌హౌజు వాచ్‌మన్, మొన్న అన్నతో వచ్చినదాన్నని గుర్తుపట్టి గేటు తీశాడు. తోటలో, ఆ నలభై మందిలో ఒకతైన యాదమ్మ బంతిపూలు తెంపుతోంది. మేడం ఏమీ అడగలేదు, కొంగు దోపుకుని తనూ తెంపసాగారు. నాకూ తప్పలేదు. గంట గడిచాక యాదమ్మే నోరు విప్పింది.

"మొన్న అబద్ధం చెప్పిన అక్కా. మీ అన్న, మా సారు దోస్తులాయె. మా అవ్వ సచ్చిపోతె మూడోనాడు పంపిన్రు. మన్ను గూడ ఎయ్యలె."

బస్టాపులో నేను, "ఆ ఫారాలన్నీ చింపేస్త" అన్నాను.

"ఎందుకు? వాళ్లు మీ అన్నకు ఎంత భయపడ్తరో అండ్లనే ఉన్నది. కుర్చీతో సహా రాయండి."

సొంత అన్న మీద రాయడానికి వారం పాటు చెయ్యి ఆడలేదు. చివరికి రాశాను. ఒక్కదాన్నే బస్సులో తిరిగి అందరినీ మళ్లీ కలిసి, ఆ మాటలూ చేర్చాను. మేడం సంతకం పెట్టారు.

"నా పేరు రాసినవా?" అన్నాడు అన్న.

"పేరు రాయలె. కుర్చీ రాసిన."

ఆరు నెలలు నాతో మాట్లాడలేదు.

ఇప్పటికీ ఎవరినైనా ఏదైనా అడిగే ముందు, అక్కడ ఎవరెవరున్నారో నోట్‌బుక్‌లో రాసుకుంటాను. మొదటి పేరు నాదే.