నంబరు గీకేసిన చిప్పు

రాష్ట్రం రెండుగా చీలినాక వచ్చిన రెండో ఎండాకాలం. కొనకనమిట్ల పక్కన మా బత్తాయి తోటకు నీళ్లు ఆగిపోయి అయిదు రోజులైంది. బోరు మోటరు పెట్టెలో బోర్డు చచ్చింది. చెట్లన్నీ పిందె మీదున్నాయి, ఇంకో రెండు రోజులైతే రాలిపోతుంది. మా ఇంటాయన ట్యాంకరు కోసం తిరుగుతుంటే, నేను బోర్డును తువ్వాలలో చుట్టుకొని పొద్దున ఆరింటికి మార్కాపురం బస్సు ఎక్కినాను.

ఎనిమిదికి దుకాణం తెరవంగానే మెకానిక్కు చూసినాడు. "పెద్దమ్మా, పోయింది ఈ నల్ల చిప్పు. మీద నంబరు గీకేసినారు. ఏదని పెట్టేది?" ఈ రకం బోర్డు కంపెనీ ఆపేసిందంట. పెట్టె మొత్తం మార్చాలంటే పది రోజులు.

గీకిందెవరో నాకు తెలుసు. మూడేండ్ల కిందట దీన్ని బాగుచేసిన గిద్దలూరాయన. తన పని ఇంకొకరు పట్టేస్తారని, ఏ చిప్పు వేసినా బ్లేడుతో నంబరు గీకేస్తాడు. ఆ పొద్దు నేను పక్కనే కూర్చొని చూసినాను.

ఇడ్లీ తిని, గిద్దలూరు బండి కోసం ఆటోలో మార్కాపురం రోడ్డు స్టేషనుకు పోయినాను. స్టేషను ఊరికి దూరమని ముందే బయలుదేరినాను. పదింటి ప్యాసింజరు పదకొండుకు వచ్చింది. కంభంలో ఎక్కిన గొర్రెలోళ్లామె నా ఒడి చూసి, "ఏంది వదినా, పసిబిడ్డనా?" అనింది.

"బోరు బిడ్డ. కరెంటు తాగడం మానేసింది."

"మా తమ్ముడు అట్లాంటి బిడ్డను పాత ఇనుముకు వేసినాడులే!"

నవ్వి, తువ్వాల ఇంకాస్త దగ్గరికి లాక్కున్నాను.

పన్నెండున్నరకు గిద్దలూరు. ఆయన బోర్డు తిప్పి చూసి తల వంచుకున్నాడు. "నేను గీకిందే అక్కా. ఏది ఎక్కడ వేసినానో ఇప్పుడు నాకే తెలవదు."

"నాకు తెలుసన్నా. ఆ పొద్దు హైదరాబాదు దుకాణానికి ఫోను చేసి, లైను సరిగా లేక ఈ చిప్పు నంబరు మూడుసార్లు అరిచినావు. నలభై ఏడు, పందొమ్మిది."

"ఎంతవరకు చదివినావక్కా?"

"రెండో తరగతి. చెవిన పడింది మాత్రం పోదు."

"ఇప్పుడది తయారే కావడం లేదు" అంటా మూలనున్న సంచి కుమ్మరించినాడు. అన్నీ పాడైన బోర్డులే. ఆయన చెయ్యి పడినవాటి మీద నంబర్లే లేవు. గంటన్నర వెతికితే, ఎవరో బాగుచేయించకుండానే వదిలిపోయిన ఇన్వర్టరు బోర్డులో దొరికింది. ఊడదీసి మాదాంట్లో అతికించి చూస్తే, పరీక్ష బల్బు వెలిగింది. వెంటనే ఆయన చెయ్యి బ్లేడు మీదికి పోయింది. నేను చిప్పు మీద అరచెయ్యి పెట్టినాను.

"అలవాటక్కా," అని బ్లేడు సొరుగులో వేసినాడు. "ఇది పోతే ఇంకోటి లేదు నా దగ్గర."

మూడింటి బండిలో తిరుగుదారి. కిటికీలోంచి ఎండిన తోటలు చూస్తా వచ్చినాను. వాటిలో ఎన్ని నీళ్లు లేక ఎండినయ్యో, ఎన్ని గోరంత చిప్పు దొరక్క ఎండినయ్యో.

చీకటి పడకముందే మోటరు వేసినాం. నీళ్లు ముందు ఎర్రగా, తర్వాత తేటగా వచ్చినయ్. మా ఇంటాయన పాదులకు మళ్లిస్తుంటే, నేను సున్నం తెచ్చి మోటరు గది తలుపు మీద ఆ నంబరు పెద్దగా రాసినాను. మళ్ళీ పోతే దొరుకుతుందో లేదో. పోయింది ఏ చిప్పో అన్నా తెలుస్తుంది.